పాలు విరిగాయని చెప్పడానికి మూడ్రోజులా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాదో చిన్న కిరాణా కొట్టు, పొద్దున్నే పాల ప్యాకెట్లు కూడా అమ్ముతా. మొన్న శ్రావణంలో, అదీ వరలక్ష్మీ వ్రతం రోజు, ఒక ప్రైవేటు డెయిరీ పాలు మా వీధిలో ఎవరింట్లో కాస్తే వాళ్ళింట్లో విరిగిపోయాయి. పరమాన్నానికి పెట్టిన పాలు ముక్కలు ముక్కలుగా తేలుతుంటే పక్కింటి పిన్నిగారు గిన్నెతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టింది, "ఏటి బాబూ ఇది, పండగ పూట" అని. నేనేం చెప్తాను.

కస్టమర్ కేర్‌కి చేస్తే హిందీలో ఒకసారి ఒడియాలో ఒకసారి రికార్డింగ్ వస్తుంది తప్ప మనిషి పలకడు, డిస్ట్రిబ్యూటర్ ఫోన్ స్విచాఫ్. సాయంత్రానికి వాట్సాప్‌లో యూరియా కలిపారన్నారు, రాత్రికి పాతపట్నంలో పిల్లలు హాస్పిటల్లో పడ్డారన్నారు. మా బావమరిది అక్కడే ఉంటాడు, కనుక్కున్నా, అలాంటిదేం లేదు, కానీ నమ్మేదెవరు? మూడోరోజు ఒక ఫ్లెక్స్ కట్టారు, ఇంగ్లీషులో ఒడియాలో, పుకార్లు నమ్మొద్దు, పుట్టించినోళ్ళ మీద కేసులు పెడతామని. పాలెందుకు విరిగాయో మాత్రం అందులో ముక్క లేదు.

అసలు సంగతి వ్యాన్ డ్రైవర్ చెప్పాడు, రాత్రి దారిలో కూలింగ్ పాడై బండి నాలుగ్గంటలు ఆగిపోయిందంట. అంతే సార్. ఆ పొద్దున్నే మైకు కట్టిన ఆటో ఒకటి తిప్పి, ఫలానా బ్యాచ్ ప్యాకెట్లు వాడకండి, డబ్బులు వాపసిస్తాం అని తెలుగులో, ఒడియాలో, కొండ దిగి వచ్చేవాళ్ళ కోసం సవరలో చెప్పించుంటే మధ్యాహ్నానికి సద్దుమణిగేది. మైకే ఎందుకంటే మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదివింది ఒడియా మీడియం, మా అమ్మకేమో ఒడియా అక్షరం రాదు, ఏ లిపిలో రాసినా సగం ఇల్లు చదవలేదు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ దొరికితే అడిగా, కంపెనీ పేరు పోతుందని ఎవరితో ఏమీ అనొద్దన్నారంట పైనుంచి. ఆ పేరు వాట్సాప్‌లో అప్పటికే పోయింది కదా!

2003లో మహారాష్ట్రలో డెయిరీ మిల్క్ చాక్లెట్లలో పురుగులు కనబడినప్పుడు క్యాడ్‌బరీ వాళ్ళు కూడా మొదట షాపుల్లో సరిగ్గా నిల్వ చెయ్యట్లేదన్నారు, అంటే మాలాంటోళ్ళ మీదకే తోశారు. అమ్మకాలు పడిపోయాక గానీ ప్యాకింగ్ మార్చలేదు, అమితాబ్ బచ్చన్‌ని పెట్టి ప్రకటనలు వెయ్యలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. 1982లో అమెరికాలో, చికాగో వైపు, టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో ఎవడో సైనైడ్ కలిపితే 7గురు పోయారు. తప్పు ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్‌ది కాదు, అయినా దేశమంతా 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించి, జనం అడగడానికి టోల్‌ఫ్రీ నంబరు పెట్టి, ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోయే సీలు వేసి మళ్ళీ అమ్మారు, జనం మళ్ళీ కొన్నారు కూడా. మన దగ్గర కూడా పాడైన తిండి సరుకు వెనక్కి తెప్పించే రూల్స్ 2017 నుంచి ఉన్నాయి. మా ఊరి దాకా వచ్చేసరికి అవి ఫ్లెక్స్ అయిపోతాయి.

ఒక మాట పత్రికలకి కూడా, ఇలాంటప్పుడు "విషపాలు" అని హెడ్డింగ్ పెట్టేముందు ఆ వ్యాన్ డ్రైవర్‌నో నాలాంటి కొట్టువాణ్ణో ఒక ముక్క అడగండి.

డెయిరీ వాళ్ళకి నేను అడిగేది పెద్దదేం కాదు, ప్రతి ఊళ్ళో ఫోన్ ఎత్తే మనిషి ఒకడు, తెలుగొచ్చినవాడు ఉండాలి, ఆ నంబరు ప్యాకెట్ మీద కనబడేలా వెయ్యాలి. ఆ రోజు కస్టమర్లకి నా జేబులోంచి వాపసిచ్చిన 31 ప్యాకెట్ల డబ్బులు ఇంకా రాలేదు, అడిగితే ఖాళీ ప్యాకెట్లు చూపించమంటున్నారు. విరిగిన పాల ప్యాకెట్లు ఎవరన్నా దాచుకుంటారా సార్?

ఇట్లు,
ఒక కిరాణా కొట్టువాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా