ముందు సస్పెన్షన్ లిఫ్ట్ కిట్: తప్పు స్పేసర్ మందం, ప్రమాదకరమైన ఫిట్టింగ్ షీట్‌పై ఫిర్యాదు

నాణ్యతా విభాగం అధిపతి గారికి,

విషయం: ‘ముందు 50 మి.మీ. లిఫ్ట్’ పేరుతో అమ్ముతున్న పికప్ ట్రక్ కిట్‌ను వెనక్కి తీసుకోవడం, షీట్‌ను సరిదిద్దడం, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ తెలియజేయడం గురించి.

అయ్యా,

మీ కిట్ పెట్టె మీద 50 మి.మీ. లిఫ్ట్ అని ఉంది. మీ షీట్‌లో చెప్పిన చోటే, చెప్పిన వరసలోనే స్పేసర్లు (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే దిమ్మలు) పెడితే బండి ముందుభాగం 90 మి.మీ. లేచింది. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ చెప్పిన జవాబు ‘వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే సర్దుకుంటుంది’ అని. ఇది అలైన్‌మెంట్‌తో పోయే లోపం కాదు, డిజైన్ దగ్గరే జరిగిన పొరపాటు. ఎందుకంటున్నామో కొలతలతో సహా రాస్తున్నాం. దయచేసి ఈ లేఖను డిజైన్ చూసేవారికి పంపండి.

బండి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగ్ ఎక్కించిన స్ట్రట్ (షాక్ అబ్జార్బర్), చక్రాన్ని ఛాసిస్‌కు కలుపుతూ పైనా కిందా ఆర్మ్‌లు (అప్పర్, లోయర్). పెట్టె మీద మీరు ఇచ్చిన మోడళ్ల జాబితాలో ఉన్నదే. ఎత్తును హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న రేకు) అంచు దాకా కొలిచాం. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలి తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది. బిగించక ముందు ఎడమ 508, కుడి 511 మి.మీ. బిగించాక బండిని దించి, కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి, బంపర్‌ను నొక్కి వదిలి కొలిస్తే ఎడమ 597, కుడి 601. స్పేసర్లను వెర్నియర్‌తో కొలిస్తే రెండూ సరిగ్గా 50 మి.మీ. మందం. అసలు తప్పు ఇక్కడే ఉంది. స్పేసర్ ఎంత మందమైతే బండి అంతే లేస్తుందని మీవాళ్లు అనుకున్నారు.

స్ట్రట్ కింది బోల్టు చక్రం దగ్గర ఉండదు, లోయర్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఈ బండిలో ఛాసిస్ వైపు పివట్ (ఆర్మ్ తిరిగే చోటు) నుంచి చక్రం వైపు గుండ్రని కీలు, అంటే బాల్ జాయింట్‌కు 400 మి.మీ., స్ట్రట్ బోల్టుకు 220. అంటే స్ట్రట్ 0.55 కదిలితే చక్రం 1 కదులుతుంది. స్ట్రట్ కాస్త వాలి ఉండటాన్ని పక్కన పెట్టినా, 50ని 0.55తో భాగిస్తే దాదాపు 91 వస్తుంది. మా కొలత కూడా దాని పక్కనే ఉంది. నిజంగా 50 మి.మీ. లేపాలంటే స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ 27 నుంచి 28 మి.మీ. ఉంటే చాలు.

ఎత్తు కాస్త ఎక్కువైతే నష్టమేమిటని మీరు అడగవచ్చు. స్ట్రట్ నెత్తిన పెట్టే స్పేసర్ స్ప్రింగ్‌ను గట్టిపరచదు, స్ట్రట్ ప్రయాణాన్ని పెంచదు. ఉన్న ప్రయాణం మొత్తాన్ని కిందికి జరుపుతుంది, అంతే. కాబట్టి గుంత దాటేటప్పుడు చక్రం వేలాడితే, అది మునుపటికంటే 90 మి.మీ. కిందికి పోతుంది. కంపెనీ అమర్చిన అప్పర్ ఆర్మ్ ఆ కోణానికి తయారైంది కాదు.

ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, రెండు చక్రాలనూ పూర్తిగా వేలాడనిచ్చి చూశాం. అప్పర్ బాల్ జాయింట్ పిన్ను దాని కప్పు అంచుకు ఆనుకుపోయింది. చేత్తో నకిల్‌ను (హబ్‌ను మోసే భాగం) ఊపితే బాల్ తిరగడం లేదు, ఆర్మ్ మొత్తం వణుకుతోంది. ఈ స్థితిలో పడే ప్రతి దెబ్బా పిన్ను మెడ మీదే పడుతుంది. మెడ విరిగితే పైన చక్రాన్ని పట్టుకునేది ఏదీ మిగలదు. ఇంకోవైపు, అప్పర్ ఆర్మ్ లోపలి అంచు కాయిల్ స్ప్రింగ్‌కు తగిలి, స్ప్రింగ్ మీద పెయింట్ గోరంత వెడల్పున లేచిపోయింది. స్ప్రింగ్ మీద గీత పడితే అక్కడ తుప్పు మొదలవుతుంది, తర్వాత పగులు కూడా అక్కడి నుంచే వస్తుంది.

డ్రైవ్ షాఫ్ట్‌ల (చక్రాలను తిప్పే కడ్డీలు) సంగతి కూడా ఇంతే. చక్రం వేలాడినప్పుడు బయటి సీవీ బూట్ (షాఫ్ట్ జాయింట్‌ను కప్పే రబ్బరు తొడుగు) మడతలు పైవైపు ఒకదానికొకటి ఒత్తుకుని రుద్దుకుంటున్నాయి. బూట్ చిరిగితే గ్రీజు పోతుంది, దుమ్ము చేరుతుంది, జాయింట్ అరిగిపోతుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పితే బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ గొట్టం) తీగలా బిగుసుకుంటోంది. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ వైరుదీ అదే పరిస్థితి. హోస్ బ్రాకెట్‌ను కిందికి మార్చాలన్న మాట మీ షీట్‌లో ఒక్కచోట కూడా లేదు, కిట్‌లో బ్రాకెట్ లేదు.

పైవైపు ప్రయాణంలోనూ తేడా వచ్చింది. మామూలుగా చక్రం పైకి కొట్టుకొచ్చినప్పుడు ఆ దెబ్బను ఛాసిస్‌కున్న బంప్ స్టాప్ రబ్బరు తీసుకోవాలి. ఇప్పుడు ఆర్మ్ రబ్బరును తాకకముందే స్ట్రట్ లోపల అడుగంటుతోంది. స్ప్రింగ్ తీసేసి, స్ట్రట్‌ను మాత్రం బిగించి, జాకీతో ఆర్మ్‌ను లేపి చూస్తే మీకూ ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇలా కొట్టుకుంటే షాక్ లోపలి వాల్వు, రాడ్ సీలు ఎక్కువకాలం నిలవవు.

డ్రైవ్ షాఫ్ట్ కోణం తగ్గించడానికి ముందు డిఫరెన్షియల్‌ను (శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) దించే స్పేసర్లు ఇచ్చారు. ఆలోచన మంచిదే, కానీ ఆ స్పేసర్లు 25 మి.మీ. ఉంటే వాటితో ఇచ్చిన ఎం12 బోల్టులు పాతవాటికంటే 15 మి.మీ. మాత్రమే పొడవు. అంటే మరల్లోకి ఎక్కే భాగం 10 మి.మీ. తగ్గిపోయింది. ఉక్కులో కనీసం బోల్టు వ్యాసమంత, అంటే 12 మి.మీ. మర పట్టాలి. ఇక్కడ పట్టింది 8. డిఫరెన్షియల్ బరువూ, గేరు వేసినప్పుడు వచ్చే తిప్పుడూ ఆ నాలుగైదు మరల మీద మోయించడం అన్యాయం. అందుకే వాటిని అసలు బిగించలేదు.

స్పేసర్‌లో కొట్టిన స్టడ్డులు (నట్టు ఎక్కించే మర కడ్డీలు) ఎం10, అంటే 10 మి.మీ. వ్యాసం. షీట్‌లో 10.9 గ్రేడ్ (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) అని ఉంది కానీ ఏ స్టడ్డు మీదా గ్రేడ్ గుర్తు లేదు. కిట్‌లోని నట్లన్నిటికీ ఒకే టార్క్ (బిగించే బలం), 85 ఎన్.ఎం. (న్యూటన్ మీటర్లు) ఇచ్చారు. 10.9 గ్రేడ్ ఎం10కు మామూలుగా 65 నుంచి 70 ఎన్.ఎం., 8.8 అయితే 45 నుంచి 50. బండితో వచ్చిన స్ట్రట్ స్టడ్డులకు బండి తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన టార్కే వాడాలి, కిట్ షీట్‌లోది కాదు. టార్క్ రెంచ్ 60 దగ్గరే ఉండగా కుడివైపు స్పేసర్‌లో ఒక స్టడ్డు దాని గుంతలో గిర్రున తిరిగిపోయింది. స్పేసర్ అల్యూమినియంలో స్టడ్డు గరుకుపళ్లు సరిగా కరవలేదన్నమాట. అలా తిరిగే స్టడ్డుకున్న నట్టు బిగియదు, ఊడదు. కోసి తీయాల్సి వచ్చింది. ఎడమ స్పేసర్‌లో రెండు స్టడ్డులు పొట్టిగా ఉండి, లాక్ నట్టు నైలాన్ రింగు దాకా కూడా రాలేదు. స్టడ్డు నైలాన్ దాటి ఒకటి రెండు మరలు బయటికి కనిపించకపోతే ఆ నట్టు లాక్ అయినట్టు కాదు.

షీట్‌లో మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టింది ఏడో అంచె: ‘చక్రాలు గాల్లో ఉండగానే ఆర్మ్ బోల్టులన్నీ పూర్తి టార్క్‌కు బిగించండి’ అని. ఆర్మ్ బుష్ (ఆర్మ్ ఛాసిస్‌కు కలిసేచోటి కీలు) రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. అది జారదు, మెలితిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే బండి దించిన క్షణం నుంచే మెలిపడి ఉంటుంది, కొద్ది నెలల్లోనే చీలుతుంది. గాల్లో ఉన్నప్పుడు బోల్టును చేతి బిగువు వరకే ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, నొక్కి వదిలి, అప్పుడు టార్క్ చేయాలి. అనుభవం ఉన్న మెకానిక్ మీ మాట పక్కనపెట్టి సరిగానే చేస్తాడు. షీట్‌ను నమ్మి ఇంట్లో బిగించుకునేవారు ఏమవుతారు? వాళ్ల కోసమే కదా షీట్ రాసేది.

మీరు చెప్పిన అలైన్‌మెంట్ కూడా చేసి చూశాం. లోయర్ ఆర్మ్ క్యామ్ బోల్టులు (కోణం సర్దే బోల్టులు) చివరిదాకా తిప్పినా క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) ఎడమ 0.9, కుడి 1.3 డిగ్రీల దగ్గరే ఆగింది. మాన్యువల్ ప్రకారం కనీసం 2.5 ఉండాలి. టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) ఒక్కటే కుదిరింది. క్యాస్టర్ ఇంత తక్కువైతే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, వేగంలో బండి అటూ ఇటూ తేలుతుంది. కోణం మార్చిన అప్పర్ ఆర్మ్‌లు లేకుండా ఈ ఎత్తులో క్యాస్టర్ రాదు. అవి మీ కిట్‌లో లేవు, అవసరమని పెట్టె మీదా రాయలేదు.

హెడ్‌లైట్ల ఊసు కూడా షీట్‌లో లేదు. 3,200 మి.మీ. వీల్‌బేస్ మీద ముందుభాగం 90 లేస్తే బండి 1.6 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. 10 మీటర్ల దూరంలో కాంతి 28 సెం.మీ. పైకి పోతుంది. ఎదురొచ్చేవారి కళ్లలో కొడుతుంది. లిఫ్ట్ తర్వాత డిమ్ బీమ్ సరిచేయాలనీ, ముందు కెమెరా ఉన్న బండ్లలో దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయించాలనీ ఒక్క వాక్యం చాలు.

ప్రస్తుతం కిట్ విప్పేసి పాత అమరిక పెట్టాం. బాల్ జాయింట్లలో వదులు కనిపించలేదు, కానీ ఆ స్థితిలో పిన్నుల మీద భారం పడింది కాబట్టి వాటిని మార్చాలనే మా నిర్ణయం.

మేం కోరేవి ఇవి. కిట్ డబ్బు, అలైన్‌మెంట్ ఖర్చు, రెండు అప్పర్ బాల్ జాయింట్ల ఖర్చు తిరిగి ఇవ్వాలి. తిరిగిపోయిన స్టడ్డు, పొట్టి స్టడ్డులు ఏ బ్యాచ్‌వో పరీక్షించి ఫలితం రాతపూర్వకంగా తెలపాలి. స్పేసర్లు రెండూ, కోసిన నట్టూ దాచి ఉంచాం, మీ మనిషి వస్తే చూపిస్తాం. పెట్టె మీద స్పేసర్ మందం, బండి లేచే ఎత్తు వేర్వేరుగా రాయాలి. అంతకంటే ముఖ్యమైనది, ఈ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఈ విషయం తెలియజేసి, చక్రాలు వేలాడదీసి అప్పర్ బాల్ జాయింట్, స్ప్రింగ్, బ్రేక్ హోస్ చూపించుకోమని చెప్పాలి. ఆ సమాచారం వెళ్లే దాకా అమ్మకం ఆపండి. మా డబ్బు ఆలస్యమైనా ఓర్చుకుంటాం, ఈ పని మాత్రం ఆలస్యం చేయకండి.

హబ్-ఫెండర్ కొలతల ఫోటోలు, స్ప్రింగ్ మీద గీత, బాల్ జాయింట్ కోణం, అలైన్‌మెంట్ ప్రింటు, బిల్లు నకలు జతచేశాం. 15 రోజుల్లోగా మీ రాతపూర్వక జవాబు అందాలి.

ఇట్లు,
కిట్ కొనుగోలుదారు, బిగించిన మెకానిక్