అక్షరాల్లేవని కొట్టేసిన పుస్తకాలు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో బడి లైబ్రరీకి కొనాల్సిన పుస్తకాల జాబితా రాసుకుంటున్నాం. మాటల్లేని బొమ్మల పుస్తకాలు నాలుగైదు పెడదామన్నాను. "అక్షరమే లేనిదానికి బిల్లు ఎట్ల పెడ్తరు మేడం?" అని ఒక సారు నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు. నేను చెప్పిన పేర్ల మీద గీత పడింది. అక్కడ జవాబు చెప్పలేకపోయాను, అందుకే మీకు రాస్తున్నాను.

నేను దేవరకొండ వైపు ఒక తండా బడిలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని. ఐదు తరగతులకూ కలిపి 22 మంది పిల్లలు. 2022 నుంచి మా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఆ రెండు పేజీల్లో ఎక్కడా మా పిల్లల ఇంటి మాట లేదు. వాళ్లది లంబాడీ. నిరుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లాడొకడు దసరా సెలవులు దాటినా నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాడు, అంతే.

కొనడానికి చేతిలో పైసల్లేక ఎనిమిది డ్రాయింగ్ షీట్ల మీద నేనే ఒక కథ గీశాను. మేకపిల్ల ఒకటి తప్పిపోయి బస్సెక్కుతుంది, సంతలో తిరుగుతుంది, చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. మొదటిరోజు చేసిందంతా పొరపాటే. "ఇదేంది? మేక. ఇదేంది? బస్సు." ఇట్లా అడిగి, వాళ్లు చెప్పేలోపే నేనే చెప్పి, పది నిమిషాల్లో కథ ముగించేశాను. పిల్లలు కోరస్‌లో తలలూపారు. బొమ్మల కథ కాస్తా ఎక్కాల పుస్తకమైంది.

మర్నాడు షీట్లు వాళ్ల మధ్య నేల మీద పరిచి పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. నోరు మూసుకుని కూర్చోవడం డీఎడ్ అనే టీచర్ ట్రైనింగులో ఎవరూ నేర్పరు, ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. కాసేపటికి ఆ మాట్లాడని పిల్లాడు మూడో షీటు మీద వేలుపెట్టాడు. తర్వాత ఐదో షీటు మీద. మూడో బొమ్మలో మేకపిల్ల మెడకు తాడుంది, ఐదో దాంట్లో లేదు. నిజానికి నేను గీయడం మర్చిపోయాను! వాడు మాత్రం బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఒక మనిషిని చూపించి, ఆయనే తాడు విప్పాడనీ, మేకపిల్ల "యాడి" కోసం ఏడుస్తోందని విప్పాడనీ లంబాడీలో గబగబా చెప్పుకుపోయాడు. యాడి అంటే అమ్మ. నాకు సగమే అర్థమైంది. నాలుగో తరగతి పాప మిగతా సగం తెలుగులో చెప్పింది. ఇంకొకడు ఒప్పుకోలేదు, తాడు తెగిందన్నాడు. ఆ వాదన మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా నడిచింది.

కింద వాక్యం ఉంటే ఈ వాదనే పుట్టదు. ఉన్నది చదివి, అయిపోయింది అనుకుంటాం. వాక్యం లేకపోతే ఆ బొమ్మకూ ఈ బొమ్మకూ నడుమ ఏం జరిగిందో పిల్లలే పూడ్చుకోవాలి. చదివినప్పుడు మనం చేసే పనీ అదే కదా.

ఆ నవ్విన సారుకు అప్పుడు చెప్పలేనివి రెండున్నాయి. అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ 2010లో జెర్రీ పింక్నీ గీసిన సింహం–ఎలుక కథకు వచ్చింది. అందులో అరుపులూ కూతలే తప్ప కథ చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. రెండోది, ఆఫ్రికా నుంచి పడవల్లో వలసవచ్చేవాళ్లు దిగే లాంపెడూసా అనే ఇటలీ దీవి సంగతి. 2012లో ఐబీబీవై అనే అంతర్జాతీయ బాలసాహిత్య సంస్థ అక్కడి పిల్లల కోసం అనేక దేశాల నుంచి మాటల్లేని పుస్తకాలే సేకరించడం మొదలుపెట్టింది. వలసవచ్చిన పిల్లలూ దీవి పిల్లలూ ఒకే పుస్తకం ముందు కూర్చోగలరని. మా తండాకు అంత దూరం పోలిక అక్కర్లేదేమో గానీ, నాకు ఆ దీవి మా గదిలాగే అనిపించింది.

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ప్రాథమిక బడి లైబ్రరీకి ఏటా 5,000 రూపాయల వరకు ఇవ్వొచ్చు. అందులో ఓ 500 వీటికి పెట్టమనే నేను అడిగేది. అదీ కుదరకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో మాటల్లేని పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, మండల కేంద్రంలో కలర్ ప్రింటు తీయించినా చాలు. అక్షరాలు నేర్పడం మానేయమని ఎవరూ అనడం లేదు. ఆ పిల్లాడు ఇప్పుడు గుణింతాలు కూడా రాస్తున్నాడు, తప్పులతోనే అనుకోండి. ఒక్కటే మనవి, ఈ పుస్తకాలు వచ్చాక దయచేసి వాటి వెనక ప్రశ్నలు–జవాబుల వర్క్‌షీట్ అంటించకండి.

నా షీట్ల అంచులు చిరిగాయి. వేసవి సెలవుల్లో మళ్లీ గీద్దామని, ఐదో బొమ్మలో ఈసారి తాడు వెయ్యనా అని పిల్లల్ని అడిగాను. వద్దన్నారు.

— ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా