గట్టోడు అలగలేదు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో చెప్పాల్సిన మాట చెప్పేశాను, తిండి ముట్టని నీ పిల్లి బూందీని వెంటనే డాక్టరుకు చూపించమని. నువ్వు చూపించావు, రాత్రి మెసేజ్ కూడా పెట్టావు. ముక్కు దిబ్బడ, నాలుక మీద పుండ్లు, జ్వరం, సెలైన్ ఎక్కించారు. మరి ఈ ఉత్తరం ఎందుకంటావా? "పిల్లి కోసం నాయన నా మీద అరిచిండు" అని మీ అమ్మతో చెప్పుకున్నావట. ఎందుకు అరిచానో నీకు తెలియదు. ఫోన్‌లో చెప్పబోతే పక్కన మీ అమ్మ ఉంటుంది, అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతవు అంటుంది. అందుకే తోట కాడికి వచ్చి మోటరు రూము ముందు కూచుని రాస్తున్నాను. మన కుక్క గట్టోడు నా చెప్పుల మీద తల పెట్టి పడుకున్నాడు.

"కొత్త ఫ్లాటు కదా నాయనా, అలిగింది. రెండు రోజులు పోతే అదే తింటది" అన్నావు చూడు, ఆ మాటకే నాకు మండింది. నీ మీద కాదు. పోయిన వానాకాలం నేనూ అదే మాట అన్నాను. నాలుగు రోజులు అన్నాను.

నువ్వు ఉద్యోగానికి పోయిన మూడో వారం అది. గట్టోడు పొద్దున పాలబువ్వ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "బిడ్డ మీద బెంగ పెట్టుకున్నది, మూగజీవానికి మనకన్న ఎక్కువ పాణం కొట్టుకుంటది" అన్నది నాయనమ్మ. మేమందరం తల ఊపాం. ఆ మాటలో ఒక సుఖం ఉంది బిడ్డా. చెర్వుగట్టు జాతరలో మెట్ల కింద వణుకుతుంటే నువ్వు చున్నీలో చుట్టి తెచ్చిన కుక్క, నువ్వు లేవని తిండి మానేసిందంటే వినడానికి బాగుంటుంది కదా. ఆ కథ మాకు నచ్చింది, ఇంకో కారణం వెతకలేదు.

రెండో రోజు వాడు మంచం కింద లేడు. వెతికితే బత్తాయి పాదులో, డ్రిప్పు నీళ్లు కారి తడిసిన మట్టిలో పొట్ట ఆనించి పడుకుని ఉన్నాడు. చల్లదనం కోసం పోయాడని ఇప్పుడు తెలుస్తుంది, అప్పుడు అది కూడా అలకే అనుకున్నాను. మీ అమ్మ చికెన్ కొట్టు నుంచి లివర్ తెప్పించి ఉడకబెట్టి పెట్టింది. ఒక ముక్క నోట్లోకి తీసుకున్నాడు. కాసేపు అట్లనే ఉంచుకుని, మళ్లీ మెల్లగా పళ్లెంలోనే పెట్టేశాడు. మీ అమ్మ మనసు నొచ్చుకోకుండా తిన్నట్టు చేద్దామనుకున్నాడేమో. ఆ ముక్క మీద పంటి గాటు కూడా లేదు.

నలభై ఏళ్లుగా పశువులను సాకుతున్నవాణ్ణి నేను. బర్రె నెమరు వేయకపోతే నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ముట్టె మీద తడి ఉందా, చెవి మొదలు చల్లబడ్డదా, పేడ ఎట్లున్నది, అన్నీ చూస్తాను. ఒక్క పూట మేత ముట్టకపోతే ఆ పూటే ఫోన్ చేస్తాను. మొన్న ఎర్రకొమ్ముల బర్రెకు జ్వరమొస్తే పశువుల అంబులెన్సు నంబరు 1962కు చేశాను, బండి కొట్టం దాకా వచ్చింది. బర్రె తినకపోతే పాలు తగ్గుతాయి, పాలు తగ్గితే పైసలు తగ్గుతాయి. కుక్క తినకపోతే తగ్గేదేముంది, ఒక ముద్ద మిగులుతుంది. ఇట్ల రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ లెక్క అట్లనే ఉండె.

మూడో రోజు చేసిన పని నీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వాడు లేవడానికి కాళ్లు కూడదీసుకుంటుంటే కీళ్ల నొప్పులేమో అనుకుని, నా మోకాళ్ల నొప్పి గోలి విరిచి సగం బెల్లంలో పెట్టి మింగించాను. డైక్లోఫెనాక్. తెల్లారి డికాక్షన్ రంగులో కక్కాడు. దొడ్డికి పోతే తారు లెక్క నల్లగా పడ్డది. అప్పుడు గానీ నాకు భయం తెలియలేదు.

గొంగడిలో చుట్టి, బండి మీద మీ తమ్ముడికీ నాకూ నడుమ కూచోబెట్టుకుని నల్గొండ తీసుకుపోయాం. పాతిక కిలోల కుక్క, దారంతా నా మోచేతి మీద గడ్డం పెట్టి ఒక్కసారి కూడా మొరగలేదు. ఎదురుగా లారీ వచ్చినా మొరగలేదు.

డాక్టరు ముందు వాడి పెదవి ఎత్తి చూశాడు. చిగురు మీద వేలు పెట్టి నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలట. వీడికి నొక్కకముందే తెల్లగా ఉంది, తిరిగి రావడానికి ఎరుపే లేదు. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే టక్కున పోకుండా మెల్లగా కిందికి దిగింది. ఒంట్లో నీళ్లు లేవన్నమాట. తోక కింద థర్మామీటర్ పెడితే 104.5. కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలే, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది, చేయి పెట్టి జ్వరం చూడడం కుదరదు అని చెప్పాడు. నేను రోజూ చేయి పెట్టే చూశాను మరి.

తర్వాత చెవి తిరగేశాడు. లోపల గోమార్లు, అలసందల లెక్క ఉబ్బి వరసగా ఉన్నాయి. కాలివేళ్ల సందుల్లో ఇంకా ఉన్నాయి. రక్తం టెస్టు చేయిస్తే ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన ఉండాల్సినవి 38 వేలు. గోమారు జ్వరం. కుక్క గోమారు రక్తం తాగేటప్పుడు ఎర్లికియా అనే సూక్ష్మజీవిని లోపలికి వదులుతుంది. ఆ రోగంలో మొదట్లోనే ఆకలి పోతుంది. అసలే రక్తం గడ్డకట్టని ఒంట్లోకి నేను కడుపులో పుండ్లు చేసే గోలి వేశాను. "ఇంకో సగం వేసి ఉంటే నా దగ్గరికి తెచ్చే పని ఉండకపోవును పెద్దాయనా" అన్నాడు డాక్టరు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండు అనిపించింది.

మా చిన్నప్పుడు ఊరి బయట పశువు కళేబరం వేస్తే పొద్దెక్కేలోపు రాబందులు దిగేవి, ఎముకలే మిగిలేవి. తర్వాత అవి కనబడకుండా పోయాయి. అవి పోయింది ఈ మందుతోనేనట. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలిపోయి, దాన్ని తిన్న పక్షుల కిడ్నీలు పాడయ్యాయి. 2006లో పశువులకు ఆ మందు బంద్ పెట్టారు. ఇదంతా డాక్టరు గ్లూకోజ్ బాటిల్ తగిలిస్తూ చెప్పాడు. మనుషుల గోలీ మనుషులకే అని ఆ రోజు నుంచి మన ఇంట్లో మందుల డబ్బా అల్మారాలో పైకి పోయింది. నీ రూమ్మేట్ "పారాసిటమాల్ పావు వంతు వేద్దాం" అన్నదని చెప్పావు కదా. ఆ పిల్లకు మంచిగనే చెప్పు, కానీ గట్టిగా చెప్పు. పిల్లి కాలేయం ఆ మందును అరిగించుకోలేదు, ఒక్క గోలితో చచ్చిపోయిన పిల్లులున్నాయట.

మందు డాక్సీసైక్లిన్, 28 రోజులు. మొదటి రోజు మీ అమ్మ పెరుగన్నం ముద్దలో పెట్టి వేసింది, మన పద్ధతి అదే కదా. పాలు, పెరుగులో వేస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదట. మళ్లీ ఉత్త గొంతులో వేసినా గొంతు పుండు పడుతుందట, మింగాక నీళ్లు తాగించాలి. ఆఖరికి ఉడికిన గుడ్డు పచ్చసొనలో పెట్టడం కుదిరింది. ఆరో రోజుకే తోక ఊపాడు, పదో రోజుకు బువ్వ పళ్లెం నాకాడు. "ఇగ చాలు, మంచిగైండు" అని నాయనమ్మ మందు ఆపుదామన్నది. అక్కడ మాత్రం నేను వినలేదు. క్యాలెండర్ మీద ఒక్కో రోజు కొట్టేస్తూ 28 పూర్తి చేశాను.

తిండి సంగతి. ఆకలి చచ్చిన జీవానికి ఒకేసారి పళ్లెం నిండా పెట్టొద్దు. పలచటి జావ బువ్వ, ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్, ఎముక లేకుండా, రోజుకు నాలుగైదు సార్లు పిడికెడు చొప్పున. కాసేపు చూసి తినకపోతే తీసేయమన్నాడు, ముందు పెట్టి ఉంచితే ఆ వాసనకే రోత పుడుతుంది. నాయనమ్మ చారు బువ్వ కలుపుతానన్నది. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వాటి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయట, వండినా సరే. అసలే రక్తం లేనోడు.

జావ తాగించడానికి అటక మీది నీ ఉగ్గుగిన్నె దింపాం. నీకు తప్ప ఇంకెవరికీ వాడని గిన్నె, మీ తమ్ముడికి కూడా సీసానే. బర్రెకు గొట్టం పోసినట్టు తల పైకెత్తి పోస్తానంటే డాక్టరు వద్దన్నాడు. అట్ల పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తల మామూలుగా ఉంచి చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా, మింగిందాకా ఆగి పోయాలి. బర్రెకైనా అంతేనట. ఇన్నేళ్లూ ఎన్ని బర్రెలకు అట్ల పోశానో.

గోమార్ల సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు పత్తికి కొట్టిన పురుగుల మందు మోనోక్రోటోఫాస్ నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి కడిగితే అన్నీ రాలిపోతాయని పక్క చేను ఆయన చెప్పాడు, డబ్బా కూడా తెచ్చి ఇచ్చాడు. ఆ మందు కొట్టి మనుషులే దవాఖానలో పడ్డారు, కుక్క ఒళ్లు నాక్కుంటుంది కదా. డబ్బా వాపసు పంపాను. డాక్టరు రాసిన గోలితో ఒంటి మీదివి పోయాయి. ఆడ గోమారు కిందికి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుందని చెప్తే, కొట్టం గోడలకు సిమెంటు పూసి సున్నం వేయించాను. మీ అమ్మ చిమ్టాతో ఏరి సబ్బు నీళ్లలో వేసేది, గోళ్లతో నలపొద్దన్నారు. సగం గ్లాసు నిండింది ఒక పూట.

ఇంత జరుగుతుంటే నువ్వు రోజూ వీడియో కాల్ చేసి "గట్టోడేడీ?" అనేదానివి. "తోటకు పోయిండు" అనేవాళ్లం. ఒక రోజు పాత ఫోటో కూడా పంపాం. కొత్త ఉద్యోగం, టెన్షన్ ఎందుకని. తప్పా ఒప్పా నాకు ఇప్పటికీ తెలియదు, కానీ వాడు పోయి ఉంటే ఏం చెప్పేవాళ్లమో అని ఒక్కోసారి రాత్రిపూట అనిపిస్తుంది.

ఇవాళ పొద్దున టౌన్‌లో పనుండి పోయినవాణ్ణి అదే డాక్టరును కలిసి బూందీ గురించి అడిగాను. పిల్లి కుక్క లెక్క కాదట. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుపోతుంది, బొద్దుగా ఉన్న పిల్లికి ఇంకా తొందరగా. బూందీ ఫోటో చూపిస్తే నవ్వి "అయితే బాగా తొందరగా" అన్నాడు. చెవుల లోపలి వైపు, కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు పసుపు రంగుకు వస్తే ఆ గంటలోనే తీసుకుపో. ముక్కు మూసుకుంటే దానికి వాసన తగలదు, వాసన లేనిది అది ముట్టదు, అందుకే నువ్వు ఎన్ని రకాలు కొన్నా తినలేదు. ఫ్రిజ్‌లోంచి తీసినది అట్లనే పెట్టకు, గోరువెచ్చగా చెయ్యి. ఉప్పు లేకుండా చేప ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు కలిపి చూడు. ముక్కు చుట్టూ ఎండిన చీమిడిని తడిగుడ్డతో తుడువు. నువ్వు స్నానం చేసేటప్పుడు బాత్రూములో పెట్టుకుంటే ఆ ఆవిరికి కొంచెం సులువవుతుందట. ఇసుక డబ్బాలో ఎన్నిసార్లు పోసిందో కూడా చూస్తుండు.

సంక్రాంతికి దాన్ని తెస్తానన్నావు. గట్టోడు ఏమంటాడో నాకు నమ్మకం లేదు, మొన్న ఉడతను నీళ్ల ట్యాంకు ఎక్కించి మధ్యాహ్నం దాకా దిగనివ్వలేదు. అయినా తీసుకురా, ముందు రూములో ఉంచుదాం. మీ అమ్మ సకినాలు ఎక్కువే చేస్తుందట.

రేపు పొద్దున బూందీ ఎంత తిన్నదో చెంచాల లెక్కన రాసి పంపు. "బాగానే తింటుంది" అని మాత్రం రాయకు. నేనూ నీకు చాలా రోజులు అదే రాశాను.

మీ
నాయన