ఐదుసార్లు లేచి కూసుంటే చాలు

నల్లగొండ

బిడ్డా,

"ఎక్సర్‌సైజు చేయిస్తే అత్తమ్మ మతిమరుపు తగ్గుతదా?" అని అడిగినవ్. తగ్గదు. ముందే ఎందుకు చెప్తున్నంటే, ఆ ఆశతోని మొదలుపెడితే నెల తిరిగేసరికి "ఇంకా నా పేరు యాదికి రాకనేపాయె" అని ఇడిచిపెడతవు. బ్రిటన్‌ల డిమెన్షియా ఉన్న 494 మంది మీద పరీక్ష చేసి 2018ల ఫలితాలు అచ్చేసిండ్రు. వాళ్లల్ల ఒక గుంపుకు నాలుగు నెలలు జిమ్ముల గట్టిగనే కసరత్తు చేయించిండ్రు. ఒంట్ల సత్తువ పెరిగింది గని మతిమరుపు ఆగలే. ఏడాదికి చూస్తే కసరత్తు చేసినోళ్లే వెంట్రుకవాసి వెనుకబడ్డరు. "నెల రోజులల్ల జ్ఞాపకశక్తి తెప్పిస్తం" అని ఎవరన్న ప్యాకేజీ అమ్మజూపితే పైసలు కట్టకు.

మరెందుకు చేయించాలె? తనంత తాను మంచం దిగి బాత్రూంకు పోయి రావడానికి. మంచానికి అంటుకపోతే తొడ కండ వారాలల్ల కరుగుతది, వెన్క పుండ్లు, మలబద్ధకం, ఛాతీల కఫం వరసబెట్టి వస్తయి. మన లెక్క కాళ్లతోని, తలకాయతోని కాదు.

మొదలుపెట్టే ముందు బీపీ పండుకున్నప్పుడొకసారి, లేచి నిలబడ్డ నిమిషానికొకసారి, మూడు నిమిషాలకొకసారి చూడు. పై అంకె 20 గని, కింది అంకె 10 గని పడిపోతే నిలబడి చేసేటియి బంద్, డాక్టరుకు చెప్పాలె. ఆమె మతిమరుపుకు వేసుకునే డోనెపెజిల్ గోలీ గుండె వేగం తగ్గించొచ్చు. మణికట్టు కాడ నాడి పట్టి నిండా నిమిషం లెక్కపెట్టు. 50 కంటే తక్కువున్నా, కండ్లు తిరుగుతున్నయన్నా ఫోన్ చేసి అడుగు, గోలీ నీ అంతట నువ్వు ఆపకు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ గని ఇన్సులిన్ గని ఉంటే పరిగడుపున చేయించొద్దు. టిఫిన్ తిన్న గంటకు చేయించు. షుగర్ 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తినిపించి, మళ్ల చూసినంకనే.

మీది మర్రిగూడ దిక్కు. అక్కడ చిన్నప్పటి నుంచి పాత బోరునీళ్లు తాగినోళ్లకు ఫ్లోరైడ్‌తోని వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకపోయి ఉంటయి. అట్లాంటి బొక్క ఎక్స్‌రేల దట్టంగ, తెల్లగ కనబడతది గని పెళుసు. వీడియోలు చూసి నడుము వంచు, మెడ తిప్పు అని బలవంతపెట్టకు, వంగినకాడికే. కొత్తగ కాళ్లు తిమ్మిరెక్కినా, బిర్రబిగిసినా, మూత్రం పట్టు తప్పినా దాన్ని మతిమరుపు ఖాతాల వెయ్యకు. వెన్నుల నరాలు నొక్కుకపోతుండొచ్చు, న్యూరో డాక్టరుకు చూపెట్టాలె.

ఇగ అసలు పని కుర్చీది. చేతులున్న కట్టెకుర్చీ తీసుకో, గోడకు ఆనించు. ప్లాస్టిక్ కుర్చీ వెన్కకు జరుగుతది. నులకమంచం కుంగుతది, అందుల నుంచి లేవడం నీకే కష్టం. కూసునే ఎత్తు 18 ఇంచులు ఉంటే సరిపోతది. అంత కింది నుంచి లేవలేకపోతే ఇంట్ల పాత గొంగడి ఉంటది కదా, దాన్ని గట్టిగ మడతలు పెట్టి సీటు మీద వెయ్యి. మెత్త దిండు వద్దు, అది దిగబడతది. అవలీలగ లేస్తున్నదని అనిపించినప్పుడు ఒక్క మడత తీసెయ్యి. ఎత్తు తగ్గినకొద్దీ తొడలకు పని పెరుగుతది. జిమ్ముల ఇనుప బరువులు పెంచినట్టే ఇది.

పిర్రలు సీటు అంచుకు జరపాలె. పాదాలు రెండూ కొంచెం ఎడంగ, మోకాళ్ల కంటే వెన్కకు పెట్టాలె. కుర్చీ చేతుల మీద చేతులు. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాక ముందుకు వంగి, అప్పుడు లేవాలె. చానామంది లేవలేకపోయేది సత్తువ లేక కాదు, పాదాలు ముందుకు చాపి, వెన్కకు ఒరిగి లేవజూస్తరు. నిలబడి మూడు లెక్కపెట్టాలె. కూసునేటప్పుడు కుర్చీ అంచు మోకాలి వెన్క తగిలినంకనే, మెల్లగ, మూడు లెక్కల కిందికి. ధబ్బున పడితే ఆ సారి లెక్కల్లకు రాదు, ఎందుకంటే కండ ఎక్కువ పట్టుబడేది దిగేటప్పుడే. ఐదుసార్లు చేసి, రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని, మళ్ల ఐదుసార్లు. వారానికి మూడు రోజులు, నడుమ రోజు ఇడిచి. అంకెలు పైకే అనిపించు, ఊపిరి బిగబట్టదు.

చంకలల్ల చేతులు పెట్టి గుంజకు. బుజం జారుతది, పైగా గుంజినకొద్దీ ఆమె వెన్కకు వాలుతది. "పాదాలు వెన్కకు, నడుము ముందుకు, చేతులు నొక్కు" అని ఒక్క ఊపుల చెప్తే ఏదీ అందదు. ఎదురుంగ ఇంకో కుర్చీ వేసుకుని నువ్వు చేసి చూపెట్టు, "లే అత్తమ్మా" అను, పది లెక్కపెట్టేదాక ఆగు. ఆ పది లెక్కలు ఆగలేకనే ఇంటోళ్లు మనిషిని ఎత్తి నిలబెడతరు.

కిటికీ ఊచలు పట్టుకుని మడమలు పదిసార్లు లేపడం, గోడ పొంటి పక్కకు అడుగులు వెయ్యడం ఆ తర్వాత కలుపు. ఒక పాదం ముంగట ఇంకో పాదం పెట్టి పది సెకండ్లు నిలబడడం అన్నిటికంటే ఆఖరుకు. నువ్వు పక్కకు, కొంచెం వెన్కకు నిలబడి నడుము కాడ చెయ్యి వెయ్యి. చీర కుచ్చిళ్లు చీలమండ కనబడేంత పైకి కట్టాలె. హవాయి చెప్పులు వద్దు, మడమ వెన్క పట్టీ ఉన్నయి తొడిగించు.

ఎక్సర్‌సైజు అనే మాట ఆమె ముందల తియ్యకు. పేర్లు పోయినా, ఏండ్లకేండ్లు చేసిన పని ఒంట్ల చానా కాలం నిలుస్తది. చాటల గుప్పెడు బియ్యం పోసిస్తే చెరుగుతది, బుజాలు, మణికట్లు కదులుతయి. బతుకమ్మ అడుగు ఇంకా మంచిది. పక్కకు అడుగు, చప్పట్లు, మళ్ల అడుగు, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతది. నువ్వు ఉయ్యాల పాట ఎత్తుకుంటే నడక దానంతటదే వరసల వస్తది. వంగడం తగ్గించు, గుండ్రంగ తిరగొద్దు, వరండాల ఈ కొస నుంచి ఆ కొసకు చాలు.

నడక రోజూ ఉండాలె, పది నిమిషాలు చొప్పున రెండుసార్లు. మాట్లాడగలగాలె గని పాట పాడేంత ఊపిరి ఉండొద్దు, అదీ వేగం. నడుస్తుంటే మాట కలిపినప్పుడు ఆగిపోయి జవాబిస్తున్నదంటే ఆమెకు రెండు పనులు ఒక్కసారి కావట్లేదు, పడే భయం ఎక్కువ. అట్లయితే నడిచేటప్పుడు ఊకుండు. ఎండకాలం ఎనిమిది లోపట్నే కానియ్యి. దూప ఆమెకు తెల్వదు, ముందల ఒక గ్లాసు, అయినంక ఒక గ్లాసు కూసోబెట్టి తాగిపియ్యి. పొద్దుమీకి ఆగమాగమయ్యే వేళల చేయించబోకు.

చెయ్యనంటే వాదం పెట్టకు. "తులసి కాడికి పోయి నీళ్లు పోసొద్దాం పా" అను, పది నిమిషాలకు మళ్ల అడుగు. కని నిన్నటిదాక నడిచిన మనిషి ఒకటి రెండు రోజులల్లనే మబ్బుమబ్బుగ అయ్యి, లేవనంటే అది మొండితనం కాదు. మూత్రంల ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్ల నీళ్లు తగ్గడం, కొత్త గోలీ, ఇసొంటిది ఏదన్న ఉండొచ్చు. అదే దినం దవాఖానకు తీస్కపో.

పడబోతే మీదికి గుంజకు, మీ ఇద్దరూ పడతరు. నీ తొడ మీదుగ జారనిచ్చి నేల మీద కూసోబెట్టు. పడ్డంక ఒక కాలు పొట్టిగయ్యి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టు, కదిలియ్యకుండ 108కు ఫోన్ చెయ్యి. తలకు తాకి, రక్తం పల్చన చేసే గోలీలు వాడుతుంటే మంచిగున్నట్టు కనబడ్డా స్కాన్ తీయించాలె. పింఛన్, ఆసరా సంగతులకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ప్రతి ఆదివారం 30 సెకండ్లల్ల ఎన్నిసార్లు లేస్తదో లెక్కపెట్టి నోటుబుక్కుల రాయి, పక్కన గొంగడి ఎన్ని మడతలో కూడ రాయి. ఇంకోటి, కుర్చీల నుంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూసునే టైము. 12 సెకండ్లు దాటితే బాత్రూంకు ఒంటిగ పంపకు, గోడకు పట్టుకునే కడ్డీ బిగించమని అల్లునికి చెప్పు. మూడు నెలలు అదే అంకె ఉంటే దిగులుపడకు, ఈ రోగంల తగ్గకుండ నిలవడం పెద్ద సంగతే.

ఆదివారం రాసిన పేజీ ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు. మొదటి వారం మూడుసార్లే లేచినా సరే, అదే రాయి.

మీ అమ్మ