ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రం వాట్సాప్ గ్రూప్ గురించి జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మందుల తేదీలు గుర్తుచేయడానికి మీ ఏఆర్‌టీ కేంద్రం వాట్సాప్ గ్రూప్ పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఎవరినీ అడగకుండానే అందరినీ చేర్చారు. గ్రూప్ తెరిస్తే సభ్యుల నంబర్లు, ఫొటోలు వరసగా కనిపిస్తాయి. నాకు బాగా తెలిసిన ఒకరి ఫొటో, ఏదో పెళ్లిలో దిగినది, అందులో చూశాను. వారికి హెచ్‌ఐవీ ఉందని నాకెందుకు తెలియాలి? వారు వెంటనే గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు. మందులకూ రావడం లేదని విన్నాను. ఆ మందులు మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుందని మీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ విషయం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. కౌన్సెలర్‌కు చెప్పాం, అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

ఈ వారంలోనే గ్రూప్ తీసేయించండి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో పంపితే ఒకరి నంబర్ మరొకరికి కనబడదు, పైసా ఖర్చు కాదు. అదీ రాతపూర్వకంగా ఒప్పుకున్నవారికే పంపాలి. మెసేజ్‌లో మందు పేరు, కేంద్రం పేరు వద్దు, తేదీ చాలు. ఇళ్లలో ఫోన్ ఎక్కువసేపు ఉండేది పిల్లల చేతుల్లోనే కదా.

పేరు రాయలేకపోతున్నందుకు మన్నించండి.

ఇట్లు,
మీ కేంద్రంలో మందులు తీసుకుంటున్న ఒక రోగి