అది కొడవళ్ల సినిమా కాదు, తండ్రీకొడుకుల సినిమా

సంపాదకులకు,

అయ్యా, మొన్నటి ఆదివారం సినిమా పేజీలో ఫ్యాక్షన్ సినిమాల మీద ‘సీమ రక్తం’ పేరుతో మీరు వేసిన వ్యాసానికి ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు గనుక నేనే రాస్తున్నాను. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ అంటూ వరసపెట్టి చెప్పుకొచ్చి, చివర్లో 2018 నాటి ‘అరవింద సమేత వీర రాఘవ’ను కూడా అదే గాటన కట్టేశారు. దానికి దక్కింది రెండే వాక్యాలు. ఒకటి మొదటి ఫైటు గురించి, ఇంకొకటి ఆ ఫైటులో హీరో చొక్కా లేకుండా కనబడటం గురించి. పక్కన వేసిన ఫొటోలోనూ కొడవలే. ఆ ఫైటు అయ్యాక ఇంకా రెండు గంటలకు పైగా సినిమా ఉంది. దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఆ ఏడు అక్టోబర్ 11న, దసరాకు, ఆ సినిమా వచ్చినప్పుడు మా సీమలో చాలామంది ‘మళ్లీ మామీదే పడ్డారా’ అని విసుక్కున్న మాట నిజం. విసుక్కోవడానికి కారణాలూ ఉన్నాయి. ఇరవై ఏళ్లపాటు తెరమీద మేం సుమోలు పేల్చుకునే మనుషులమే తప్ప వేరుశనగ పండించేవాళ్లమో, బడి పంతుళ్లమో ఎన్నడూ కాలేదు. అయితే మా వీధిలో ఇలాంటి సినిమా పేరెత్తితేనే మండిపడే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అల్లుడు బలవంతం చేస్తే ఆ సినిమాకు వెళ్లాడు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని, బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేయడం. పండక్కి రాలేదని కొడుకు మీద కోపంతో ఉండి కూడా చేశాడు. ఫైటు చూసి వచ్చిన మనిషి కొడుక్కి ఫోన్ చేయడు కదా!

సినిమాలో పగ మొదలైంది పేకాటలో, అయిదు రూపాయల దగ్గర. ఆ అయిదు రూపాయల కోసం ముప్ఫై ఏళ్లు రెండు ఊళ్లు చస్తూనే ఉంటాయి. చదువుకోవడానికి దూరం వెళ్లిన హీరో రాఘవ తిరిగొస్తుంటే, తండ్రి నారపరెడ్డి ఎదురువెళ్లి తీసుకొస్తాడు. దారిలోనే దాడి. తండ్రి చచ్చిపోతాడు, కొడుకు ఆయుధం పడతాడు. అంతవరకూ మనకు తెలిసిన కథే. పాత సినిమాల్లో తండ్రి ఫొటోకు దండ పడితే చాలు, ఇక కొడుక్కి ఆలోచించే పని ఉండేది కాదు. తండ్రి చావు అక్కడ ఒక సాకు. ఇక్కడ మాత్రం శవం ఇంటికొచ్చాక జేజి, అంటే రాఘవ నాయనమ్మ, మనవడి ఎదుట కూర్చుని మాట్లాడుతుంది. మొగుణ్ని పోగొట్టుకుంది, కొడుకును పోగొట్టుకుంది, ఇక మిగిలింది మనవడు. అక్కడ ‘ఏడ పోయినాడో’ పాటలో పెంచల్ దాస్ గొంతు వింటుంటే సినిమా పాట విన్నట్టుండదు, మా పల్లెల్లో శవం దగ్గర ఆడవాళ్లు ఏడ్చే ఏడుపు విన్నట్టుంటుంది.

దానికంటే నన్ను కదిలించింది పగవాళ్ల ఇంటి తండ్రీకొడుకులు. మీ వ్యాసంలో వాళ్ల పేర్లు కూడా లేవు. బసిరెడ్డిగా జగపతిబాబు, బాలిరెడ్డిగా నవీన్ చంద్ర. ఆ దాడిలో మెడ తెగి, కుట్లు వేయించుకుని బతికిన ఆ తండ్రి గొంతు గరగరమంటూ ఉంటుంది, ఆ గొంతులో కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు. కొడుకు ఆ కోపాన్ని మోస్తూ హైదరాబాదంతా రాఘవను వెతుకుతాడు. తండ్రి మెచ్చుకోవాలని తప్ప ఆ కుర్రాడికి జీవితంలో వేరే కోరికే ఉన్నట్టు కనబడదు. అలాంటివాడు చివరికి రాజీకి ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నందుకు బసిరెడ్డి కన్నకొడుకును తన చేత్తోనే చంపి, ఆ నేరం రాఘవ మీదికి నెట్టాలని చూస్తాడు. ఫ్యాక్షన్ ఊళ్లలో బతికిన మాకు అది సినిమా మలుపులా అనిపించలేదు. పగ పెంచుకున్న తండ్రి కొడుకును చంపుకుంటూనే ఉంటాడు, కాకపోతే సొంత చేత్తో కాదు. ఆ మాటను దాపరికం లేకుండా తెరమీద చెప్పిన పెద్ద హీరో సినిమా నాకు తెలిసి ఇదొక్కటే.

నేను జమ్మలమడుగు తాలూకా బళ్లలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఆ రోజుల్లో హాజరుపట్టీ చూస్తే ఏ పిల్లవాడి ఇంట్లో కేసులున్నాయో తెలిసిపోయేది. కోర్టు వాయిదా ముందురోజు నుంచే బడికి రారు. మగవాళ్లంతా జీపుల్లో వెళ్తే ఇంటికి ఎవరో ఒకరు కావాలి కదా, పన్నెండేళ్లవాడు మగదిక్కుగా మిద్దెమీద కూర్చునేవాడు. వకీళ్ల ఫీజులకు, జామీన్లకు ఎకరాలు కరిగిపోయేవి. కొందరు తండ్రులు పిల్లల్ని ఎక్కడో దూరాన హాస్టళ్లలో వేసి, చూడ్డానికి కూడా వెళ్లేవారు కాదు. వెళ్తే పిల్లలుండే చోటు అవతలివాళ్లకు తెలుస్తుందని భయం. అలాంటి ఒక తండ్రి నా దగ్గరకొచ్చి, కొడుకు హాస్టల్ నుంచి రాసిన కార్డు చదివి పెట్టమన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. అందులో ఉన్నది సబ్బుకూ, నోటు పుస్తకాలకూ డబ్బు పంపమని మాత్రమే. ఆయన మీద ఉన్నది హత్య కేసు.

ఈ సంగతులేవీ పట్టకుండా ‘సీమ రక్తం’ అని శీర్షిక పెట్టడం పెద్ద పత్రికకు తగునా? ఒకప్పుడు సినిమా సమీక్ష అంటే కథేంటి, ఎవరెలా చేశారు, ఎక్కడ తేలిపోయింది అని విడమరచి రాసేవాళ్లు. ఇప్పుడు వసూళ్లు, ఫైట్లు, ఫొటోలు. ఆ శీర్షికల ఫలితం అనుభవించేది మా పిల్లలు. హైదరాబాదులో అద్దె ఇల్లు అడిగితే ‘కడపోళ్లా, బాంబులేమైనా తెచ్చారా’ అని ఓనర్లు నవ్వుతారు. వాళ్లకది జోకు. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడికి కాదు.

ఉద్యోగం మాటెత్తాను కాబట్టి అదీ చెబుతాను. నాయకుల వెనక కుర్రాళ్లు ఎందుకు తిరుగుతారని సభల్లో అధికారులు ఆశ్చర్యపోతుంటారు. 2014 విభజన చట్టంలో కడప జిల్లా ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో తేల్చాలని రాశారు. దానికి ముందు 2007లోనే మా జమ్మలమడుగు దగ్గర ఒక శంకుస్థాపన జరిగింది. తర్వాత 2018లో, 2019లో, 2023లో మళ్లీ మళ్లీ జరిగాయి. పార్టీలు మారాయి, కంపెనీలు మారాయి, ఉక్కు మాత్రం బయటికి రాలేదు. మొదటి శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు ఓటుహక్కు కూడా వచ్చేసింది. వాళ్లకు పని చూపించకుండా, ఫ్లెక్సీలు కట్టే పనిలో పడ్డారని నిందిస్తే ఎలా?

ఇక థియేటర్ల సంగతి. హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీల ముందు మేకల్ని కోస్తున్నారు, వేటకొడవలితో కేకు కోసి రీల్స్ పెడుతున్నారు. అందులో మీసం రానివాళ్లే ఎక్కువ. వీడియో బాగా తిరిగితే తప్ప పోలీసులు కదలరు. మా దగ్గర ఒక హాల్లో పెద్దలు మాత్రమే చూడాల్సిన ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాకు యూనిఫాం మీదే వచ్చిన పిల్లలకు టికెట్లిచ్చారు. నేను అడిగితే గేటు దగ్గరి కుర్రాడు ‘మీకెందుకు సార్, వాళ్ల నాయనలే ఏమనరు’ అన్నాడు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించి, పిల్లలు పెద్దల తోడుతో చూడాల్సిన యూఏలో ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు తరగతులు చేశారు. గేటు దగ్గర పిల్లల వయసు అడిగేవాడే లేకపోతే తరగతులు ఎన్ని చేసి ఏం లాభం? టికెట్ ధర పెంచినప్పుడు రెవెన్యూవాళ్లు, పోలీసులు చేసే హడావిడిలో సగం ఇక్కడ చూపించినా చాలు.

మీకు నా విన్నపం ఇది. ఆ సినిమా మీద ఇంకొకసారి, చూసినవాళ్ల చేత రాయించండి. సుప్రియా పాఠక్ వేసిన జేజి గురించి, ఈశ్వరీరావు వేసిన బసిరెడ్డి భార్య గురించి రాయించండి. మొగుణ్నీ కొడుకునూ పోగొట్టుకున్న ఆ బసిరెడ్డి భార్యనే చివరికి ఎమ్మెల్యే అభ్యర్థిగా నిలబెడతారు. అది కుదిరే పనేనా అని మా ఊళ్లలో ఆడవాళ్లనే అడగండి, చాలా చెబుతారు. జిల్లా పేజీలో ఉక్కు ఫ్యాక్టరీ శంకుస్థాపనల తేదీలన్నీ ఒకచోట వేయండి. ఆ వ్యాసం శీర్షిక మీద మీ వివరణ కోసం మా ఊరి గ్రంథాలయంలో చాలామంది ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
జమ్మలమడుగు