‘సేకరణ’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

నేను ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. మా దగ్గర చదివి తర్వాత చరిత్రలోనో అర్థశాస్త్రంలోనో పీహెచ్‌డీకి వెళ్లిన పిల్లలు, థీసిస్ సమర్పించే రోజులు దగ్గరపడగానే ఫోన్ చేస్తుంటారు. ఒకప్పుడు ‘మేడం, ఈ అధ్యాయం ఒకసారి చూసిపెడతారా’ అని అడిగేవాళ్లు. ఇప్పుడు థీసిస్‌లోని మాటలు వేరేవాళ్ల రాతలతో ఎంత శాతం కలిశాయో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది, అందుకే అందరిదీ ఒకటే టెన్షన్: ‘సిమిలారిటీ ఇరవై రెండు వచ్చింది మేడం, పది లోపుకు ఎలా తేవాలి?’ ఎవరి మాటలు తీసుకున్నాం, ఎక్కడ వాళ్ల పేరు చెప్పలేదు అన్న మాటే రాదు, అంకె దిగితే చాలు.

ఈ పది ఎక్కడిదంటే, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద, అంటే ఇంకొకరి రాతను తమదిగా చూపించుకోవడం మీద, తెచ్చిన నిబంధనల్లోది. పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 60 దాకా ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించడానికి వీల్లేదు, అది కూడా దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధనలు పెట్టడం మంచిదే, అంతకుముందు అడిగే దిక్కు కూడా లేదు. కానీ సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది కలిసిన మాటల్ని మాత్రమే, దొంగతనాన్ని కాదు, ఈ తేడా పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అందుకని వాళ్లు పేరా తీసుకుని మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు, లేదా ఇంగ్లిష్‌ను తెలుగులోకి, తెలుగును మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పుతారు, డబ్బులిస్తే ఆ పని చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఇలా మార్చిన పత్రాల్లో ‘బ్రెస్ట్ క్యాన్సర్’ కాస్తా ‘బోజమ్ పెరిల్’ (రొమ్ము ముప్పు) అయిపోయిన సంగతిని 2021లో ఫ్రాన్స్ పరిశోధకుడు గియోమ్ కబానాక్, ఆయనతో పనిచేసినవాళ్లు బయటపెట్టారు. అంకె తగ్గింది, తీసుకున్నది మాత్రం అలాగే ఉంది, పైగా అర్థం కూడా పోయింది.

ఇక తెలుగులో రాసే సిద్ధాంత వ్యాసాల సంగతి. మన థీసిస్‌లు చాలా వరకు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపవుతాయి. అది ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్ కాదు, మన కంటికి తెలుగు, కంప్యూటర్‌కు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరస. అలాంటి ఫైలు ఇచ్చి పోలిక చూడమంటే ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చూస్తుంది? సున్నా వస్తుంది, ఆ సున్నాను చూపించి సర్టిఫికెట్ తీసుకుంటారు. ఇంకోటి, అందరికీ తెలిసిన విషయాలో, అనుకోకుండా కలిసే మాటలో అయితే వరసగా 14 పదాల దాకా లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఆ నిబంధనల్లో ఉంది. ఇంగ్లిష్‌లో అది ఒక వాక్యం కూడా కాకపోవచ్చు. తెలుగులో విభక్తులు, క్రియలు కలిసి ఒకే మాటగా వస్తాయి కాబట్టి 14 పదాలంటే రెండు నిండు వాక్యాలు, ఒక్కోసారి మూడు. ఈ లెక్క తెలుగు కోసం విడిగా ఆలోచించి పెట్టింది కాదని నా నమ్మకం.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నా పరిశోధన తిరగలి పాటల మీద. మూడేళ్లు ఊళ్లు తిరిగి, పెద్దవాళ్ల పక్కన కూర్చుని టేపు మీద రికార్డు చేసుకుని, రాత్రిళ్లు విని రాసుకున్నాను. ఒక అవ్వ ‘కుంచం’ అని పాడితే నేను ‘కంచం’ అని విన్నాను, అలాగే అచ్చయింది, ఆ కంచం ఎందుకొచ్చిందో రెండు వాక్యాల వ్యాఖ్యానం కూడా రాశాను. వైవా అయిపోయాక మళ్లీ టేపు వింటుంటే తప్పు తెలిసింది, నా ప్రతిలో పెన్నుతో దిద్దుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత వేరే విశ్వవిద్యాలయంలో వచ్చిన ఒక థీసిస్ చదువుతుంటే ఆ పాట కనిపించింది, కంచంతో సహా, నా వ్యాఖ్యానంతో సహా. ఉపయుక్త గ్రంథసూచిలో నా పేరు లేదు. అంతకన్నా నాకు బాధనిపించింది ఏమిటంటే, పాడినవాళ్ల పట్టికలో ఆ అవ్వ పేరు కూడా లేదు. ఆమె ఇప్పుడు లేరు. ఆమె పాట ఎవరిదీ కాని పాటగా మారిపోయింది.

ఆధారాలు జతచేసి ఆ విశ్వవిద్యాలయానికి రాశాను. ఫిర్యాదు అందిన 45 రోజుల్లో విభాగం కమిటీ నివేదిక ఇవ్వాలని నిబంధన. పదకొండు నెలలైంది, ఉత్తరం అందిందని కూడా జవాబు రాలేదు. ఆ వ్యాసంలో గ్రంథచౌర్యం లేదని గైడ్ సంతకం చేసిన సర్టిఫికెట్ మాత్రం మొదటి పేజీల్లో ఉంది. 2011లో సి.ఎన్.ఆర్.రావు గారి పేరున్న ఒక పరిశోధన పత్రంలో వేరేవాళ్ల వాక్యాలు కొన్ని ఉన్నాయని తేలితే, అంత పెద్ద శాస్త్రవేత్త, ఆయన సహరచయితలు అదే జర్నల్‌లో క్షమాపణ ప్రకటించారు. నేను అడుగుతున్నదీ అంతే, తప్పయిందని రాసి ఆ అవ్వ పేరు చేర్చమని.

అయితే పిల్లలందరూ దొంగలని నేను అనను. నేను చూసినంతలో చాలా కాపీలు నోట్సులోనే మొదలవుతాయి. లైబ్రరీలో కూర్చుని పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు ఎక్కించుకుంటారు, కొటేషన్ గుర్తులు పెట్టరు, పేజీ నంబరు వేసుకోరు, రెండేళ్ల తర్వాత ఆ నోట్సు తెరిస్తే ఏది తమ వాక్యమో ఏది పుస్తకంలోదో వాళ్లకే తెలియదు. నేను మా పిల్లలకు చెప్పేది ఇదీ: ఎక్కించుకునే రోజునే కొటేషన్ గుర్తులు, రచయిత పేరు, సంవత్సరం, పేజీ వేయండి. మీ మాటల్లో రాయాలంటే చదివాక పుస్తకం మూసేసి, పక్కనున్నవాళ్లకు చెబుతున్నట్టు రాయండి, తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోండి. మాటలు మీవైనా ఆలోచన వాళ్లదైతే పేరు చెప్పాల్సిందే. తెలుగు చేసుకున్నంత మాత్రాన మనది అయిపోదు. పీహెచ్‌డీ వాళ్లకు పరిశోధన నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు పెట్టారు కదా, ఆ ముప్పై గంటల్లో సగమైనా విద్యార్థుల చేత రాయించి, దిద్ది చూపించాలి.

పేర్లు చెప్పుకోవడం మనకు కొత్త కాదు. భారతం తెలుగు చేసేటప్పుడు నారాయణభట్టు తనకు చేసిన సాయాన్ని నన్నయ అవతారికలోనే చెప్పుకున్నాడు, అదీ వెయ్యేళ్ల కిందట. మరి ఇవాళ ఏ వాట్సాప్ గ్రూపు చూసినా, కొన్ని పత్రికల పేజీల్లో కూడా, వ్యాసం కింద రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ‘సేకరణ’ అని ఉంటుంది. బడిలో ప్రాజెక్టు వర్క్ నెట్‌లోంచి దించుకొచ్చినా మార్కులు పడతాయి. అలా పదిహేనేళ్లు పెరిగిన పిల్లవాడికి పీహెచ్‌డీలో చేరాక హఠాత్తుగా గ్రంథచౌర్యం నేరం అంటే ఏం అర్థమవుతుంది?

రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ తెలుగు సిద్ధాంత వ్యాసాలను యూనికోడ్‌లోనే తీసుకోవాలి, పాతవాటిని కూడా మార్పించి, దేశంలోని థీసిస్‌లను అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పెట్టాలి, తెలుగు చదవగల మనిషి చూడకుండా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సున్నాను ఒప్పుకోకూడదు. మీకూ ఒక మనవి. ఇకమీదట మీ పత్రికకు ‘సేకరణ’ అని వచ్చే రచనలను, అసలు రచయిత ఎవరో పంపినవాళ్లను అడిగి తెలుసుకునే దాకా అచ్చు వేయకండి.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకురాలు, నల్గొండ జిల్లా